ఉరుముల క్యాసెట్ల కుమారస్వామి

మా ఆయన కుమారస్వామి అబద్ధాలు ఆడడు. కోతలు మాత్రం కోస్తాడు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నేను విన్న కోతలన్నింటిలోకీ పెద్దది ఇది: "తొంభైలల్ల హెవీ మెటల్ అంటె వరంగల్ మొత్తం ఊగిపోయింది. మన దుకాణం ముందట లైను కడ్తే బస్టాండు దాక పోయేది."

ఆ లైను నేనెన్నడూ చూడలేదు. హన్మకొండలో ముందు దుకాణం, వెనక మా ఇల్లు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి నేను ఆ దుకాణం గుమ్మంలోంచే రోడ్డు చూస్తున్నాను. బస్టాండు దాకా లైనుంటే నా కంట పడకుండా ఎక్కడికి పోతుంది? కానీ ఈ మాట ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు. ఛార్జరు కొనడానికి వచ్చినవాళ్ళకూ చెప్తాడు, దారి అడగడానికి ఆగినవాళ్ళకూ చెప్తాడు.

ఇప్పుడు మా దుకాణంలో అమ్మేది ఫోను కవర్లు, ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు. బోర్డు మీద మాత్రం ఇప్పటికీ 'కుమార్ రికార్డింగ్ సెంటర్' అనే ఉంటుంది. ఈ కాలం పిల్లలకు అదేమిటో తెలియదు కాబట్టి చెప్తాను. అప్పట్లో మీకు కావలసిన పాటల పేర్లు కాగితం మీద రాసి, ఖాళీ క్యాసెట్టు తెచ్చి ఇస్తే, మా ఆయన తన దగ్గరున్న క్యాసెట్లలోంచి ఆ పాటలన్నీ ఏరి దానిలోకి ఎక్కించి ఇచ్చేవాడు. పొద్దున ఇస్తే సాయంత్రానికి చేతిలో పెట్టేవాడు.

ఆయన పుట్టింది తొర్రూరులో. మామగారికి అక్కడ కిరాణా దుకాణం. కొడుకు పప్పులు, ఉప్పులు తూచుతాడనుకుంటే, ఈయన ఇరవై నాలుగేళ్ళ వయసులో రెండు క్యాసెట్లు పట్టే టేపురికార్డరు ఒకటి చంకన పెట్టుకుని హన్మకొండ వచ్చాడు. మొదట్లో అన్నీ సినిమా పాటలు, భజనలు. అందరూ చేసే వ్యాపారమే ఆయనా చేశాడు. హెవీ మెటల్ అనే ఇంగ్లీషు పాటల ఈ ఉరుముల గోల మొదలైంది తొంభై రెండులో. దానికి కారకుడు సారంగపాణి.

సారంగపాణి అప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు. బక్కపలచగా, మెడ దాకా జుట్టుతో వచ్చి, ఒక విదేశీ క్యాసెట్టు ఇచ్చి దానికి నకలు తీసిపెట్టమన్నాడు. మా ఆయన దాన్ని పెట్టి నొక్కాడు. అంతే, గిటారు మోత మొదలైంది. గరగరమని, రేకుల మీద గొలుసు ఈడ్చినట్టు. మా ఆయన గుండె గుభేలుమంది. కొత్త మిషను పాడైందనుకున్నాడు. దూదిని స్పిరిట్‌లో ముంచి లోపల తుడిచాడు. అయినా గరగరే. మళ్ళీ తుడిచాడు. స్క్రూలు విప్పి మిషను మొత్తం నేల మీద పరిచాడు. భోజనానికి రమ్మంటే రాడు. చివరికి, తప్పు మన మిషనుది కాదు, అసలు క్యాసెట్టే పాడైపోయి ఉందని తేల్చాడు. పాపం పిల్లగాడు ఎవరి చేతిలోనో మోసపోయాడని జాలిపడి, ఉన్న మీటలన్నీ తిప్పి, ఆ గరగర వినపడకుండా అణిచేసి, ఎవరో దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు చేసి ఇచ్చాడు. పైగా, "తమ్మీ, నీ క్యాసెట్టు ఖరాబున్నది, నేను బాగుచేసిన" అని కూడా చెప్పాడు.

సారంగపాణి మర్నాడు దాదాపు ఏడుపు మొహంతో వచ్చాడు. "అన్నా, ఆ గరగర కోసమే గదనే నేను మూడు నెలలు తిరిగి ఆ క్యాసెట్టు సంపాదించింది!"

మా ఆయనకు అవమానమైంది. మళ్ళీ నకలు తీస్తూ ఈసారి మొదటి నుంచి చివరి దాకా కూర్చుని విన్నాడు. ఎందుకు వింటారో తెలుసుకుందామని విన్నాడట. లేచేటప్పటికి ఆయనే దానిలో పడిపోయాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కుక్కరు కూత వినబడితే ఒట్టు!

ఆయనకు ఇంగ్లీషు రాదు. బృందాల పేర్లు చదవలేడు, పాటల్లో ఒక్క ముక్క అర్థం కాదు. అయినా సారంగపాణీ, అతని వెంట వచ్చే స్నేహితులూ తెచ్చిన ప్రతి క్యాసెట్టుకూ తన కోసం ఒక నకలు ఉంచుకున్నాడు. వాటి మీద తెలుగులో తన సొంత పేర్లు రాసుకున్నాడు. 'ఉరుములు – 1', 'ఉరుములు – 2', 'గొంతు చించుకునేటాయన', 'డ్రమ్ములాయనకు దండం', 'మెల్లగ మొదలై కొంప ముంచేది'. నవ్వకండి. ఎవరైనా వచ్చి రెండు ముక్కలు హూ హూ అని కూనిరాగం తీస్తే చాలు, ఆరువందల క్యాసెట్లలోంచి సరైనదాన్ని కళ్ళు మూసుకుని తీసి ఇచ్చేవాడు. ఆ విద్యను నేను కాదనను.

తర్వాత సీడీలు వచ్చాయి, ఆ తర్వాత ఫోన్లు వచ్చాయి. ఊళ్ళో రికార్డింగ్ సెంటర్లన్నీ మూతపడ్డాయి. మా ఆయన ఫోను కవర్లలోకి దిగాడు గానీ ఆ ఆరువందల క్యాసెట్లను మాత్రం దుకాణానికీ ఇంటికీ మధ్య ఉన్న గదిలో నేల నుంచి కప్పు దాకా పేర్చి పెట్టాడు. ఆ ఒక్క గదికే మా ఇంట్లో గాలీ వెలుతురూ వచ్చే పెద్ద కిటికీ ఉంది.

ఇక నా సంగతి. పదేళ్ళుగా నేను జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తున్నాను. గొప్ప చెప్పుకోవడం కాదు, మా చుట్టుపక్కల నా పూసల పని లేకుండా పెళ్ళి జాకెట్టు ఉండదు. మగ్గం అంటే మంచమంత కొయ్య ఫ్రేము. అది మా పడకగదిలో ఉంది. రాత్రి మంచం ఎక్కాలంటే దాని కిందుగా వంగి వెళ్ళాలి. నా దగ్గర పని చేసే యమున, శోభారాణి ఇద్దరూ చేతిలో మంచి పనున్న అమ్మాయిలు. పడకగదిలో కూర్చుని పని చేయడానికి వాళ్ళకు ఇబ్బంది. మొన్న ఆగస్టులో యమున తెగేసి చెప్పింది. "అక్కా, లైటు సక్కగ లేక కండ్లు గుంజుతానయ్. పండుగలోపట జాగ చూడకపోతే నేను వేరే సెంటర్ల చేరుత. ఏమనుకోకు." యమున పోతే శోభారాణి పోతుంది, ఇద్దరూ పోతే నా పని ముగిసినట్టే. నాకు ఆ గది కావాలి. మూడేళ్ళ నుంచి అడుగుతున్నాను. ఆయన 'చూద్దాం' అంటాడు. ఆ 'చూద్దాం' వినీ వినీ నాకు విసుగొచ్చింది.

అలాంటి సమయంలో దీప్తి వచ్చింది. మా ఆడబిడ్డ కూతురు. ఇంజనీరింగ్ మూడో ఏడు. నల్ల టీషర్టు, చెవుల్లో పాటలు వినే ఆ తెల్ల గింజలు. మామ పోలిక ఎక్కడికి పోతుంది, ఆ పిల్లకూ ఈ ఉరుములంటేనే ప్రాణం. ఇద్దరూ కలిస్తే వాదనే.

"మామా, నువ్వు ఊకె అప్పట్ల, అప్పట్ల అంటవు గని, మెటల్ ఇప్పుడే ఎక్కువమంది వింటాండ్లు. ఇగో, ఈ ఒక్క పాట ఎన్ని కోట్ల మంది చూసిండ్లో చూడు."

"కోట్లు అంటె దునియా మొత్తం మీద. మన వరంగల్‌ల ఎంతమందే?"

"మా కాలేజీలనే ఇరవై ముప్పై మంది ఉంటరు."

"ఇరవై ముప్పయ్యా!" మా ఆయన పకపకా నవ్వాడు. "నా దగ్గర ఒక్క శనివారం పూటనే అంతమంది నిలబడుతుండె. అప్పటి జోరు ఇప్పుడేడున్నది?"

అప్పుడే పడకగదిలోంచి వస్తూ మగ్గం కొయ్యకు నా మోకాలు టంగుమని తగిలింది. ప్రాణం జివ్వుమంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"అయితే ఓ పని చెయ్యి" అన్నాను. "వచ్చే ఆదివారం పిలువు వాళ్ళను. అప్పట్ల నీ దగ్గర ఈ గోల నింపించుకున్నోళ్ళు పొద్దుమూకే దాక ఇరవై మంది వస్తె, నేను ఆ గది జోలికి చచ్చినా రాను. రాకపోతె సోమవారం నుంచి గది నాది. నీ క్యాసెట్లు ఏం జేసుకుంటవో చేసుకో."

బేరం ఆడతాడనుకున్నాను. పది మంది చాలంటాడనుకున్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, "సరే, పందెం" అన్నాడు.

ఇక్కడ నేనొక నిజం ఒప్పుకోవాలి. ఆ పందెంలో మోసం ఉంది, ఆ మోసం నాది. శనివారం శనివారం వచ్చే ఆ కుర్రాళ్ళకు టీ పెట్టింది నేను. వాళ్ళు మొత్తం పన్నెండు మంది. ఏడేళ్ళ పాటు అటూ ఇటూగా ఆ పన్నెండు మందే వచ్చారు. ఇరవై మంది ఎన్నటికీ రారని తెలిసే నేను ఇరవై అన్నాను. తప్పే. కానీ మోకాలు నొప్పి మీద ఉన్న మనిషికి ధర్మం అంత తొందరగా గుర్తుకు రాదు.

వాళ్ళను వెతికే పని దీప్తి తీసుకుంది. సారంగపాణి సులువుగానే దొరికాడు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి కమీషన్ వ్యాపారం. మిగతావాళ్ళ నంబర్లు ఆయన దగ్గర కొన్ని, వాళ్ళ దగ్గర మరికొన్ని. మంగళవారానికల్లా ఒక వాట్సాప్ గ్రూపు తయారైంది. దానికి మా ఆయనే పేరు పెట్టాడు, 'ఉరుములు'.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికే ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు. టెంటు హౌసు నుంచి యాభై కుర్చీలు తెప్పించాడు. యాభై! నాకు ఒకపక్క నవ్వు, ఇంకోపక్క జాలి. వీధిలోకి, గుమ్మంలోకి తిరుగుతున్నాడు. ఆటో ఆగితే చాలు, మెడ సాచి చూస్తున్నాడు.

మొదట సారంగపాణి దిగాడు. బక్కపలచని పిల్లాడు ఏనాడో పోయాడు, బొజ్జా బట్టతలా వచ్చాయి. మిర్చి గోదాం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఆ ఘాటుకు మేమందరం తుమ్ముతూనే పలకరించాం. తర్వాత వెంకట్రాజం. నీటిపారుదల శాఖలో ఇంజనీరు, కరీంనగర్ నుంచి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. "ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో చూపించమన్నానండీ" అంది ఆవిడ నాతో. ఆవిడకూ నాకూ క్షణంలో స్నేహం కుదిరింది. తర్వాత ఇద్దరు, మళ్ళీ ఒకరు. మధ్యాహ్నానికి ఎనిమిది మంది, మూడింటికి పదకొండు మంది. వచ్చిన ప్రతివాడూ "అన్నా" అని మా ఆయనను కావలించుకున్నాడు, "వదినా, మంచిగున్నవా" అని నన్ను అడిగాడు. పన్నెండో ఆయన గోపాల్ మస్కట్‌లో ఉన్నాడు. వీడియో కాల్‌లో కనబడి, నన్నూ లెక్కేసుకోండని గొడవ చేశాడు. వేసుకున్నాం.

ఈలోగా దీప్తి స్నేహితులు దిగారు. నల్ల టీషర్టులు, ముప్పై మందికి తక్కువ లేరు, సగం మంది ఆడపిల్లలే. కుర్చీలు నిండిపోయాయి.

"మామా, వీళ్ళను కలుపుకో, ఇరవై దాటుతది" అంది దీప్తి.

"ఆఁ! మీరు అప్పటోళ్ళు కాదు. పందెం పందెమే" అన్నాడు ఆయన.

ఇక మొదలైంది వాదన. అప్పుడెక్కువా ఇప్పుడెక్కువా? వెంకట్రాజం నిజాయితీపరుడు, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "ఎక్కువేం లేదమ్మా. మేమే ఉంటిమి. మిగిలినోళ్ళంత మమ్ముల పిచ్చోళ్ళ లెక్క చూసేటోళ్ళు. మా నాయినైతే ఇంట్ల దయ్యం దూరిందని పంతులును పిలిపిచ్చిండు. గని ఒక్క క్యాసెట్టు దొరికితె నాలుగు రూములు తిరిగేది. టేపు బయటికొస్తే పెన్సిలు పెట్టి చుట్టి మళ్ళ వినేటోళ్ళం. ఏ పాట తర్వాత ఏ పాటొస్తదో ఇప్పటికీ నోటికొస్తది."

"నా ఫోన్ల నాలుగువేల పాటలున్నయ్ అంకుల్" అంది ఒక అమ్మాయి. "సగం ఇంకా విననే లేదు."

"గదే మరి" అన్నాడు సారంగపాణి. "వినేటోళ్ళు మీకు ఎక్కువ. వినుడు మాకు ఎక్కువ."

నేను మా ఆయన వైపు చూశాను. ముప్పై ఏళ్ళ కోత నలుగురిలో కూలిపోయింది కదా, మొహం ఎలా పెట్టాడోనని. ఆయన అసలు వినడమే లేదు. పాత టేపురికార్డరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని 'మెల్లగ మొదలై కొంప ముంచేది – 2' అనే క్యాసెట్టు పెడుతున్నాడు.

మెల్లగానే మొదలైంది. తర్వాత పేరుకు తగ్గట్టే కొంప ముంచింది. బట్టతలలూ పొడుగు జుట్లూ ఒకే తీరుగా ఊగాయి. సారంగపాణి బొజ్జ మీద డ్రమ్ములు వాయించుకున్నాడు. వీధిలోవాళ్ళు గుమ్మం ముందు మూగారు. పాట అయిపోయింది, టేపులో సుయ్యిమని చప్పుడు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అంతలో ఒక ఆడగొంతు. లేత గొంతు, జర భయంగా, బతుకమ్మ పాట. ప్రతి చరణం చివరా 'ఉయ్యాలో' అని. ఎవరో నాకు తెలిసిన మనిషి గొంతే అనుకున్నాను. ఒక చరణం అయ్యాక తెలిసింది, అది నేను.

పెళ్ళయిన ఏడాది, బతుకమ్మకు ముందు రోజు, "కొత్త మైకు పనిచేస్తాందో లేదో చూడాలె, ఏదన్న పాడు" అన్నాడు మా ఆయన. పాడాను. తుడిచేశాడనుకున్నాను.

నేను తేరుకునేలోపల ఇంకో సంగతి జరిగింది. ఆ పదకొండు మంది మగవాళ్ళూ, మస్కట్ నుంచి గోపాల్ కూడా, గొంతు కలిపి 'ఉయ్యాలో' అందుకున్నారు. ఒక్క మాట తప్పకుండా, చివరి చరణం దాకా.

"ఏందిది?" అని అరిచాను.

"మీకు తెల్వదా వదినా?" సారంగపాణి నోరు తెరిచాడు. "మా ప్రతి క్యాసెట్టు ఆఖరికి మీ పాటే. అన్న టేపు ఖాళీగ ఇయ్యడు గద."

అదీ మా ఆయన పద్ధతి. గిరాకీ టేపు తెచ్చాడంటే నిండుగా పంపాలి, చివర ఖాళీ వదిలితే మోసం చేసినట్టు. వేరే దుకాణాలవాళ్ళు ఏదో పాట మొదలుపెట్టి సగంలో తెగ్గొట్టేవాళ్ళు. అది ఆయనకు నచ్చదు.

"నీ పాట మూడు నిమిషాలు. సరిగ్గ సరిపోయేది" అన్నాడు నా వైపు చూడకుండా.

"ఆరు నిమిషాలు మిగిలితె రెండుసార్లు ఉండేది అన్నా" అన్నాడు వెంకట్రాజం.

నవ్వులే నవ్వులు. నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు నా గొంతు ఊరంతా తిప్పి, నాకు ఒక్క ముక్క చెప్పలేదు! ఇంట్లో ఎప్పుడూ ఉరుములు ఆగగానే మిషను కట్టేసేది ఇందుకన్నమాట. తిడదామని నోరు తెరిచాను. తిట్టు రాలేదు, కళ్ళనీళ్ళొచ్చాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. దీప్తి వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది. పిల్లలందరూ మళ్ళీ పెట్టమని గోల. మళ్ళీ పెట్టారు.

పొద్దుమూకింది. మా ఆయన లేచి నిలబడి అందరి ముందూ చెప్పాడు. "లెక్క పన్నెండు. నేను ఓడిపోయిన. గది సుభాషిణిది." తర్వాత గది తలుపు బార్లా తీశాడు. ఎవరెవరు ఏ క్యాసెట్టు ఇష్టంగా వినేవాళ్ళో ఒక్కొక్కరికీ తనే తీసి చేతిలో పెట్టాడు. అడగనవసరం లేకపోయింది, ఆయనకే గుర్తున్నాయి. మిగిలినవి పిల్లలు పంచుకున్నారు. వినడానికి మిషను లేకపోయినా సరే కావాలన్నారు. ఏడయ్యేసరికి గది ఖాళీ. గోడల మీద సున్నం కనబడి ఎన్నేళ్ళయిందో.

అందరూ వెళ్ళాక కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నాం. గది గెలిచాను కానీ నాకు అన్నం సహించేలా లేదు. చెప్పేశాను.

"నాకు ముందే తెలుసయ్యా, వాళ్ళు పన్నెండు మందేనని. తెలిసే ఇరవై అన్న."

ఆయన కుర్చీ పేర్చడం ఆపలేదు. "నాకు తెల్వదా? క్యాసెట్లు నింపినోణ్ణి నేను. నిద్రల లేపి అడిగినా పన్నెండు పేర్లు చెప్త."

నేను కుర్చీ అక్కడే వదిలేశాను. "మరెందుకు ఒప్పుకున్నవ్?"

"గది నీకియ్యాలని ఎప్పటి నుంచో ఉన్నది. యమున పోతదేమోనని నాకూ ఫికరే. గని ఎట్ల ఖాళీ చెయ్యాలె చెప్పు? పాత సామాన్లోనికి తూకానికెయ్యాల్నా? వాళ్ళ చేతుల పెట్టాలనుకున్న. ఊకె రమ్మంటె ఎవలొస్తరు, ఎవల పనులు వాళ్ళకుంటయ్. అన్న పందెం కట్టిండు, ఓడిపోతాండు అంటె వస్తరని..." అని ఆగి, చేతిలో ఉన్న కుర్చీ కింద పెట్టి దానిలోనే కూర్చున్నాడు. ఆయన మొహం అంత వెలిగిపోవడం నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు.

"అందరు వచ్చిండ్లు సుభాషిణీ. ఒక్కడు గూడ తప్పలే."